కేకు పాట, దండ పాట

తాడేపల్లిగూడెం నుంచి పెంటపాడు వెళ్ళే దారిలో, కాలవ దాటగానే ఎడమ చేతి వైపు సిస్టర్లు నడిపే ఆడపిల్లల హోమ్ ఉంది. అందులో ఉన్న నలభై రెండు మంది పిల్లలకీ పుస్తకం చూడకుండా వచ్చిన పాటలు రెండే. గుళ్ళో పాడేవి బోలెడున్నాయి కానీ వాటికి పుస్తకం కావాలి. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా పాడేవి మాత్రం కేకు పాట, దండ పాట.

ఊళ్ళో ఎవరింట్లో పుట్టినరోజు వచ్చినా, పెద్దవాళ్ళు పోయిన రోజు వచ్చినా హోమ్‌లో పిల్లలకి ఒక పూట భోజనం పెట్టడం ఆనవాయితీ. బెల్లం కొట్లవాళ్ళూ, బట్టల కొట్లవాళ్ళూ, మేష్టార్లూ, ప్లీడర్లూ, ఏ గుడికి వెళ్ళేవాళ్ళైనా సరే, ఈ పని దగ్గర అందరూ ఒకటే. పుట్టినరోజువాళ్ళు కేకు తెస్తారు. పోయినవాళ్ళ తాలూకు వాళ్ళు దండ వేసిన ఫోటో తెస్తారు. కేకు వస్తే చప్పట్లు కొడుతూ నిండు నూరేళ్ళు బతకమని పాడాలి. దండ వస్తే చేతులు జోడించి ఆత్మకి శాంతి కలగాలని పాడాలి. రెండు పాటలూ కట్టింది పూర్వం ఇక్కడ పనిచేసిన ఓ పెద్ద సిస్టర్. ఆవిడ మహా పొదుపరి. రెండింటికీ ఒకటే వరస పెట్టింది. ఒకటి పరుగెత్తించి పాడాలి, రెండోది సాగదీసి పాడాలి, అంతే తేడా.

వంటగది గోడకున్న క్యాలెండర్‌లో ఎవరిది ఏ రోజో రాసి ఉంటుంది. పిల్లలకి పన్నెండో ఎక్కం రాకపోయినా ఆ క్యాలెండర్ మాత్రం కంఠతా వచ్చు. బెల్లం కొట్టు సూర్యనారాయణగారి పుట్టినరోజంటే చికెన్ బిర్యానీ. ఆయన మామగారు పోయిన రోజంటే పులిహోర. ఊళ్ళో పెద్దాయన ఎవరైనా మంచం పట్టారని తెలిస్తే పిల్లలు మోకాళ్ళ మీద నిలబడి నిజంగానే ప్రార్థిస్తారు. ఆయన పోతే నిజంగానే బాధపడతారు. కాకపోతే క్యాలెండర్‌లో ఇంకో గడి నిండుతుందన్న సంగతి కూడా ఎవరో ఒకరికి గుర్తొస్తుంది. చిన్నపిల్లలు కదా, దేవుడు క్షమిస్తాడు.

వచ్చింది కేకో దండో చూసి, ముందు నిలబడి పాట ఎత్తుకునే పని లూర్దుమేరిది. ఏడో తరగతి. కలిదిండి అవతల కొల్లేటి పక్క ఊరు వాళ్ళది. తండ్రి చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. ఆయన జ్వరంతో పోయాక తల్లి కూతుర్ని సిస్టర్ల చేతిలో పెట్టి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. నాలుగేళ్ళైంది.

లూర్దు ముందు నిలబడటానికి పడే తాపత్రయం చూసి మిగతా పిల్లలు దాన్ని ‘లీడరమ్మ’ అని వెక్కిరిస్తారు. దాని బాధ వాళ్ళకేం తెలుసు. భోజనం పెట్టేవాళ్ళు పాటని ఫోన్‌లో వీడియో తీస్తారు, హోమ్ పెద్ద సిస్టర్ ఫిలోమినకి పంపుతారు, ఆవిడ దాన్ని కువైట్ పంపుతుంది. వెనక వరసలో ఉన్న రోజుల్లో తల్లి దగ్గర్నుంచి ఒకటే మాట వచ్చేది: “ఎక్కడున్నావే, కనపడలేదు.” లూర్దు జవాబు చెప్పేది: “నాలుగో వరసలో ఎడమ పక్క నించి అయిదో రిబ్బను నాదేనమ్మా.” ఏడాది పొడుగునా ఆ తల్లి ఒక ఎర్ర రిబ్బన్ని చూసుకుని సరిపెట్టుకుంది. ముందుకొచ్చాక ఇప్పుడు మొహం కనపడుతుంది. “చిక్కిపోయావేం, మోకాలికా దెబ్బేంటి” అని అడుగుతుంది. ఆ తిట్ల కోసమే లూర్దు ముందు వరస వదలదు.

అలాంటి చోటికి జనవరిలో గండం వచ్చింది. క్యాలెండర్‌లో రాయించకుండానే బట్టల కొట్టు శ్రీరంగనాయకులుగారి కుటుంబం కారు దిగింది. చేతిలో ఇంత పెద్ద కేకు. లూర్దు చప్పట్లు అందుకుంది. నలభై రెండు మందీ గొంతు చించుకుని నిండు నూరేళ్ళూ బతకమని పాడేశారు. తీరా చూస్తే అది శ్రీరంగనాయకులుగారి తల్లి రత్నాంబగారు పోయి ఏడాదైన రోజు. ఆవిడకి కేకంటే ప్రాణమట, అందుకని తెచ్చారు. ఫోటో కూడా తెచ్చారు కానీ దండ ఇంట్లో మర్చిపోయారు. నాయకులుగారు పెద్దమనిషి కాబట్టి పల్లెత్తు మాట అనలేదు. ఏం పరవాలేదమ్మా, మా అమ్మ పాట కూడా ఇష్టపడేది అన్నారు. సిస్టర్ ఫిలోమినకి మాత్రం తల కొట్టేసినట్టైంది.

“చూడు లూర్దూ, ఇకనించి కేకు చూడకు, దండ చూడు. దండ ఉందా, శాంతి పాట. లేదా, ఇంకోటి. మళ్ళీ పొరపాటు జరిగిందో, ముందు చాందిని నిలబడుతుంది, నువ్వు వెనక్కి వెళ్తావు.”

చాందిని పక్కనే నిలబడి పాపం వినయంగా తల దించుకుంది. ఆ పిల్ల ఆ రోజు నించే రోజూ స్నానాల గదిలో రెండు పాటలూ సాధన చేస్తోంది.

ఫిబ్రవరిలో ఒక గురువారం సిస్టర్ ఏదో మీటింగని ఏలూరు వెళ్ళింది. వంటగదిలో ఫోన్ మోగితే వంట చేసే రూతమ్మ ఎత్తింది. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. అవతల మాట్లాడినాయన చాలా మర్యాదగా, “నా పేరు భానుప్రకాషండి. మా నాన్నగారు, హెడ్మాస్టరు పట్టాభిరామయ్యగారి పేరు మీద ఆదివారం పిల్లలకి భోజనం పెడదామనుకుంటున్నామండి. వంట మేమే చేయించుకొస్తాం. ఉల్లీ వెల్లుల్లీ ఉండవు, పిల్లలు తింటారాండి?” అన్నాడు.

“తింటారండి, ఎందుకు తినరండి” అంది రూతమ్మ. పప్పు పొంగిపోయింది. ఫోన్ పెట్టేసింది.

పెట్టేశాక పీట మీద చతికిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. బియ్యం ఏరుతున్న లూర్దు కంగారుపడింది.

“ఏమైంది రూతమ్మత్తా?”

“మా పట్టాభిరామయ్య మేష్టారు పోయేరే! ఎప్పుడు పోయేరో ఏంటో, కబురు కూడా తెలీలేదు.”

“పోయేరని చెప్పేరా?”

“నోటితో చెప్పాలా ఏంటి? పేరు మీద భోజనమంట. ఉల్లిపాయ ఉండదంట. పుట్టినరోజుకి ఉల్లిపాయ మానేసేవోళ్ళు ఎక్కడైనా ఉంటారా? అందులోనూ ఉల్లిపాయల మార్కెట్టున్న ఊళ్ళో!” రూతమ్మ కుడి అరచెయ్యి చాపి చూపించింది. “ఏడో ఎక్కం రాలేదని ఇదిగో, ఈ చెయ్యి వాచిపోయేలా కొట్టేరమ్మా ఆయన.”

“మరి ఏడుస్తావేంటి?”

“ఏడో ఎక్కం ఇప్పటికీ మర్చిపోలేదు మరి” అని రూతమ్మ ఇంకాస్త ఏడ్చింది. సిస్టర్ తిరిగొచ్చేసరికి ఆదివారం గడిలో ‘కీర్తిశేషులు పట్టాభిరామయ్య మేష్టారు’ అని రాసి, పక్కన సిలువ గుర్తు కూడా వేసి పెట్టింది.

ఆదివారం పూజ అయ్యాక పిల్లలు వరండాలో వరసలు కట్టారు. పన్నెండున్నరకి గేటులోకి కారు వచ్చింది. ముందు భానుప్రకాష్ దిగాడు. చెవి దగ్గర ఫోన్. “ఎక్కడిదాకా వచ్చారు? కాలవ వంతెన దాటండి, దాటాక ఎడమ పక్కకి” అని ఎవరికో దారి చెబుతూనే గిన్నెలు దింపించుకుంటూ వంటగది వైపు నడిచాడు. వెనకనించి అతని కొడుకు శశాంక్ దిగాడు. ఇంటర్ చదివే కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. చేతిలో పెద్ద ఫోటో. ఫోటోకి చెయ్యి మందాన గులాబీల దండ.

లూర్దు ఈసారి తొందరపడలేదు. కారు డిక్కీలోకి తొంగి చూసింది, కేకు లేదు. ముందు సీట్లో చూసింది, లేదు. దండని మళ్ళీ చూసింది. నిక్షేపంగా ఉంది. అయినా మనసాగక దగ్గరికెళ్ళి అడిగింది.

“అన్నా, ఈ ఫోటో మీ తాతగారిదేనాండి?”

శశాంక్ ఒక చెవిలోది తీసి, “ఊఁ, తాతయ్యే” అన్నాడు. అతని మొహం నిండా దిగులు. ఫోన్‌లో ఛార్జింగ్ అయిదు శాతం ఉందని ఆ దిగులు. అది లూర్దుకి తెలియదు. తాతగారి మీద బెంగ అనుకుంది. అంత దుఃఖంలో ఉన్నవాళ్ళని, ఎప్పుడు పోయారండీ అని ఇంకా గుచ్చి అడగడం మర్యాద కాదని ఊరుకుంది. శశాంక్ ఫోటోని కుర్చీలో నిలబెట్టి, వీడియో తియ్యమని తండ్రి చెప్పి ఉన్నాడు కాబట్టి ఫోన్ పైకెత్తాడు.

లూర్దు చేతులు జోడించింది. నలభై రెండు మంది చేతులు జోడించారు. సిస్టర్ ఫిలోమిన కళ్ళు మూసుకుంది. దండ పాట మొదలైంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజు పిల్లలు పాడినట్టు ఎప్పుడూ పాడలేదు. వంటగది గుమ్మంలో రూతమ్మ వెక్కిళ్ళు తాళానికి సరిపోయాయి.

పాటయ్యాక పోయినవాళ్ళ గురించి లీడరు రెండు మంచి ముక్కలు చెప్పాలి. లూర్దు ఒక అడుగు ముందుకేసి కెమెరా వైపు తిరిగింది. కువైట్‌లో అమ్మ వింటుంది కదా అని గొంతు సవరించుకుంది.

“పట్టాభిరామయ్య తాతగారు చాలా నెమ్మదైనవారు. ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు. పిల్లలంటే ఆయనకి ప్రాణం.” అక్కడితో ఆపేస్తే పోయేది. కానీ ఆయన మేష్టారని తెలుసు కాబట్టి ఇంకో రెండు ముక్కలు కలిపింది. “ఆయన ఏ ఒక్క పిల్లనీ బెత్తంతో కొట్టలేదు. బడి గంట కొట్టాక కూడా పిల్లలు ఇంటికెళ్ళకుండా ఆయన చుట్టూనే తిరిగేవారు. అలాంటి తాతగారి ఆత్మకి నిత్య విశ్రాంతి దయచేయమని ప్రార్థిద్దాం.”

గుమ్మంలో రూతమ్మ అరచెయ్యి రుద్దుకుంటూ అందరికంటే గట్టిగా “ఆమెన్” అంది. శశాంక్ ఫోన్ ఆ ముక్కతోనే ఆరిపోయింది.

“ఆమెన్” అని వెనకనించి ఇంకో గొంతు వినిపించింది.

ఆ గొంతు విని రూతమ్మ చేతిలో గరిటె కింద పడింది. తిరిగి చూస్తే వరండా మెట్ల మీద పట్టుపంచె కట్టుకుని, చేతికర్ర పట్టుకుని, ఫోటోలో ఉన్నాయన నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన భార్య సత్యవాణిగారు నుదుట రూపాయంత బొట్టుతో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఏడుపని ముందు అందరూ అనుకున్నారు. కాదు, నవ్వు.

ఒకటో తరగతి పిల్ల ఒకత్తి కెవ్వుమని బల్ల కిందకి దూరింది. మిగతావాళ్ళు సిలువ గుర్తు వేసుకున్నారు. భానుప్రకాష్ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి, “ఏమైంది నాన్నగారూ?” అన్నాడు.

“ఏమీ కాలేదురా. నేను పోయాను” అన్నాడు పట్టాభిరామయ్య. వచ్చి ఫోటో పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఎనభయ్యో పుట్టినరోజట. పొద్దున్న పాత శిష్యులంతా సన్మానం చేసి ఆ ఫోటో ఇచ్చారట. సిస్టర్‌కి ఈ సంగతంతా భానుప్రకాష్ గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

పెద్దాయన కర్రతో లూర్దుని పిలిచాడు.

“నేను పిల్లల్ని కొట్టలేదని నీకెవరు చెప్పారమ్మాయ్?”

“ఎవరూ చెప్పలేదండి. పోయినోళ్ళందరికీ అలాగే చెప్తామండి.”

“అందరికీ అదేనా?”

“పేరు మారుస్తామండి.”

సత్యవాణిగారు ఇక నిలబడలేక బల్ల మీద కూలబడి పగలబడి నవ్వింది. “పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమండీ! యాభై ఆరేళ్ళు కాపురం చేశాను, నెమ్మదైనవారని ఒక్కళ్ళు చెప్పగా వినలేదు. ఈ పిల్ల పుణ్యమా అని విన్నాను.”

సిస్టర్‌కి ఆ నవ్వు ధైర్యాన్నివ్వలేదు. లూర్దు భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, “వెళ్ళు, నాలుగో వరసలోకి వెళ్ళు. చాందినీ, నువ్వు రా” అని చిన్నగా అంది. లూర్దు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. “మీరే కదా సిస్టర్, దండ చూడమన్నారు” అనబోయి ఆగిపోయింది. నాలుగో వరస కళ్ళ ముందు కనపడింది. అక్కడ్నించి ఒక రిబ్బను తప్ప అమ్మకి ఏమీ కనపడదు. ఆ క్షణాన ఆ పిల్లకి ప్రపంచంలో అంతకంటే దూరమైన చోటు లేదు.

నలభై ఏళ్ళు క్లాసులో గుసగుసలు పట్టుకున్న చెవులు పట్టాభిరామయ్యవి. “సిస్టర్‌గారూ, ఆ పిల్లనెక్కడికి పంపుతున్నారు?” అన్నాడు. సంగతి చెప్పక తప్పలేదు. విని ఆయన కర్ర నేల మీద ఒకసారి కొట్టాడు.

“నా హయాంలో విచారణ లేకుండా ఎవరికీ శిక్ష పడలేదు. ముందు ఈ భోజనం కబురు అందుకున్నదెవరు?”

రూతమ్మ ముందుకొచ్చింది. “నేనేనండి. ఆయ్. ఉల్లిపాయ వద్దన్నారంటే పోయేరనుకున్నానండి.”

“నువ్వు నా దగ్గర చదివావా?”

“చదివేనండి. ఏడేళ్ళు నలభై తొమ్మిదండి” అంది రూతమ్మ, అడక్కుండానే, చెయ్యి వెనక్కి దాచుకుని.

ఆ దాచుకున్న చెయ్యి పెద్దాయన చూశాడు. తర్వాత గొంతు కాస్త తగ్గించి, “సరే. నువ్వు అనుకున్నావు. మరి ఫోటోకి దండ ఎవరు వేశారు? దండ లేకపోతే ఈ పిల్ల ఆ పాట పాడేది కాదు కదా. ఎవరా బుద్ధిలేనివాడు?” అన్నాడు.

భానుప్రకాష్ నేల చూపులు చూశాడు.

“నిన్నేరా అడుగుతున్నది!”

“మీరే నాన్నగారూ. సన్మానం అవగానే మెడ దురదగా ఉందని తీసి ఫోటోకి తగిలించారు.”

రూతమ్మ తల మీది కొంగు సర్దుకుంటున్నట్టు మొహం దాచుకుంది. ముందు సత్యవాణిగారు కిసుక్కుమంది. తర్వాత బల్ల కింద పిల్ల. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. సిస్టర్ ఫిలోమిన కూడా గోడ వైపు తిరిగి భుజాలు కుదుపుకుంటూ నవ్వింది. పట్టాభిరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

“చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు” అన్నాడు చివరికి. “పొద్దున్న ఇరవై మంది మైకు పట్టుకుని మాట్లాడారమ్మా. క్రమశిక్షణ అన్నారు, సింహం అన్నారు, మీ పేరు చెబితే ఇప్పటికీ హడలండీ అన్నారు. పిల్లలకి నేనంటే ఇష్టమని ఒక్కడు అనలేదు. బడి గంట కొట్టాక నా చుట్టూ ఎవరు తిరిగారు? గంట ఎప్పుడు కొడతారా అని చూసేవాళ్ళు.” ఆయన కళ్ళు ఒత్తుకున్నాడు. “అబద్ధమైతేనేం, వినడానికి బాగుంది. తప్పు నాది. ఈ పిల్ల చూసింది చూసినట్టు పాడింది. దీని చోటు దీనికివ్వండి.”

లూర్దు ముందుకొచ్చింది. చాందిని పెద్దగా నొచ్చుకోలేదు. రెండు పాటలూ వచ్చేశాయి, ఎప్పటికైనా పనికొస్తాయని దాని ధైర్యం. అప్పుడు కేకు పాట పాడారు, కేకు లేకపోయినా. ఇందాకటి వరసే, ఈసారి పరుగెత్తించి. పాట వింటూనే ఆయన ఒక బూరె నోట్లో వేసుకున్నాడు. షుగరున్న మనిషికి అది నిషిద్ధం. భార్య ఆ ఒక్క రోజుకి చూడనట్టు ఊరుకుంది. సిస్టర్ తన ఫోన్‌తో ఒక ఫోటో తీసింది.

వడ్డన ఆయనే చేస్తానన్నాడు. గరిటె పట్టుకుని వంగి వరస చివరిదాకా వచ్చాడు. రూతమ్మని కూడా బలవంతంగా బంతిలో కూర్చోబెట్టి, చాపిన ఆ కుడి అరచేతిలోనే బూరె పెట్టాడు. రూతమ్మ మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఎందుకని ఎవరూ అడగలేదు.

వెళ్ళేముందు కారు దగ్గర లూర్దుని పిలిచి ఒక షరతు పెట్టాడు. “ప్రతి ఏడూ ఇదే రోజు వస్తాను. నేనున్నంత కాలం ఇందాక మొదట పాడిన శాంతి పాటే పాడాలి, ఆ మాటలే చెప్పాలి. నువ్వే చెప్పాలి. పోయాక ఎలాగూ వినపడవు. అప్పుడు కావలిస్తే చప్పట్లు కొట్టి ఆ రెండోది పాడుకోండి.”

“పదో తరగతి అయ్యాక నేను ఇక్కడ ఉండనండి” అంది లూర్దు. “ఇంకా మూడేళ్ళేనండి.”

ఆయన వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. “సరే, మూడేళ్ళు నేనూ ఉంటాను. సత్యవాణీ, బూరెలు ఇక ఇవ్వకు.”

శశాంక్ పంపిన వీడియో ‘ఆమెన్’ దగ్గర ఆగిపోయింది. సిస్టర్ ఆ వీడియోనీ, తను తీసిన ఫోటోనీ కువైట్ పంపింది. శుక్రవారం తల్లికి సెలవు. ఆ మధ్యాహ్నం వాయిస్ మెసేజ్ వచ్చింది. లూర్దు, రూతమ్మ, సిస్టర్ ముగ్గురూ ఫోన్ చుట్టూ చేరి విన్నారు.

“లూర్దూ, చూసేనమ్మా. ముందే ఉన్నావు, మొహం బాగా కనపడింది. ఎంత బాగా చెప్పేవే! ఏడుపాగలేదు నాకు. అంత మంచాయన పోయేరంటే ఆ ఇంట్లోవాళ్ళు ఎలా తట్టుకుంటున్నారో. ఇంకోటమ్మా, ఫోటోలో నీ పక్కన కూర్చుని బూరె తింటున్న పెద్దాయన ఎవరు? తమ్ముడుగారా? అచ్చం ఆయన పోలికే. పాపం అన్నగారు పోయిన బెంగేమో, కళ్ళు ఎర్రబడిపోయేయి. ఆయన్ని జాగ్రత్తగా చూసుకోమని చెప్పు.”

రూతమ్మ నవ్వలేక డొక్కలు పట్టుకుంది. లూర్దు నవ్వలేదు. మెసేజ్ మొదటికి తిప్పి, ‘మొహం బాగా కనపడింది’ అన్న ముక్క ఇంకో రెండుసార్లు విని, అప్పుడు మైకు బొమ్మ నొక్కింది.

“అమ్మా, ఆయన పోలేదే. ఆ తాతగారే ఈయన. ఇంకా మూడేళ్ళు ఉంటానని మాటిచ్చేరు. నేనూ ముందు వరసలోనే ఉంటాను, చూసుకో.”